మోరల్, మోరీస్: వీటి లాటిన్ మూలం ఏమిటి? అసలు అర్థం నీతా, ఆచారమా?

మీరు అడిగింది ఇదీ: సోషియాలజీ పుస్తకంలో ‘మోరీస్’ అంటే మీరితే సంఘం ఊరుకోని కట్టుబాట్లు అని చదివారు. ఎథిక్స్ పేపరు నోట్సులో ‘మోరల్’ అంటే మనిషి తన మనస్సాక్షికి కట్టుబడి పాటించేది అని ఉంది. రెండూ ఒకే లాటిన్ మాట నుంచి వచ్చాయని కోచింగులో చెప్పారు. ఒకటి ఊరికి సంబంధించింది, ఇంకొకటి మనసుకు సంబంధించింది. మరి అసలు మాటకు అర్థం ఏది, ‘ఎథిక్స్’ దీనికి ఏమవుతుంది అని మీ సందేహం.

ముందు జవాబు చెప్పేస్తాను. రెండూ ‘మోస్’ అనే లాటిన్ మాట నుంచే వచ్చాయి. దానికి బహువచనం ‘మోరేస్’. ఆ మాటకు మొదట ‘నియమం’ అనే అర్థం లేదు, ‘నీతి’ అనే అర్థమూ లేదు. పదిమందీ చాలాకాలంగా నడుచుకుంటూ వస్తున్న తీరును మోస్ అన్నారు. మన భాషలో దానికి బాగా దగ్గరగా వచ్చేది ‘ఆనవాయితీ’. అదే మాటను ఒక మనిషి గురించి వాడితే, ముఖ్యంగా బహువచనంలో, అతని నడత, స్వభావం అని అర్థం. నియమం అనడానికి రోమన్లకు వేరే మాటలున్నాయి: చట్టమైతే లేక్స్, కొలబద్దలాంటి సూత్రమైతే రేగుల, గురువు చెప్పే ఉపదేశమైతే ప్రైకెప్టుమ్. ఇక ‘మోరల్’ అనే విశేషణాన్ని గ్రీకుల ‘ఎథిక్స్’కు అనువాదంగా రోమన్ వక్త, రచయిత సిసెరో కావాలని తయారుచేశాడు. కాబట్టి పుట్టుకలో ఆ రెండింటికీ తేడా లేదు. తేడా అంతా తర్వాతివాళ్లు పెట్టింది.

సెమినరీలో లాటిన్, డిగ్రీ కాలేజీలో నీతిశాస్త్రం చాలా ఏళ్లు చెప్పాను. ఈ ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, తొందరలో ఉంటే పై పేరాతో ఆపేయవచ్చు.

మోస్‌లో ‘స’ ఉంటే మోరల్‌లో ‘ర’ ఎలా వచ్చింది? క్లాసులో ముందు అడిగేది ఇదే. ప్రాచీన లాటిన్‌లో రెండు అచ్చుల మధ్య పడిన ‘స’ క్రమంగా ‘ర’ అయిపోయింది. మాట చివర ఉన్న ‘స’ మాత్రం అలాగే మిగిలింది. అందుకే ‘మోస్’ అని మొదలైన మాట షష్ఠిలో ‘మోరిస్’ అవుతుంది. పువ్వుకు ఫ్లోస్, ఫ్లోరిస్ అన్నదీ ఇదే పద్ధతి. ఇంటిపేర్లు కూడా మారాయి. పపీరియుస్ వంశంవాళ్లు ఒకప్పుడు పపీసియుస్ అని పిలిపించుకునేవారని సిసెరో ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలో చెబుతాడు.

ఇక్కడ తెలుగువాళ్లకు ఒక సదుపాయం ఉంది. లాటిన్, గ్రీకు మాటల్లోని హ్రస్వ దీర్ఘాలు ఇంగ్లీషు రాతలో కనిపించవు, మన లిపిలో తేటగా కనిపిస్తాయి. మోస్‌లో ఉన్నది దీర్ఘం. ‘ఆలస్యం’ అని అర్థం వచ్చే మాట ‘మొర’, అక్కడ హ్రస్వం. అప్పు కట్టడానికి ఇచ్చే గడువును మారటోరియం అంటున్నాం కదా, అది ఈ మొర నుంచి వచ్చింది. చావుకు ‘మొర్స్’, షష్ఠిలో ‘మొర్టిస్’. మోర్టల్, మార్ట్‌గేజ్ లాంటివి అటువైపు చుట్టాలు. ఈ రెండింటికీ నీతితో ఏ సంబంధమూ లేదు. ఆన్‌లైన్ నోట్సుల్లో వీటిని కలిపేసి ‘మోరల్ అంటే మరణం దాకా పాటించేది’ లాంటి వ్యుత్పత్తులు రాస్తున్నారు. అవి పరీక్షలో రాయకండి. లాటిన్‌కు ముందు మోస్ ఏ ధాతువు నుంచి వచ్చిందన్నది మాత్రం పండితుల మధ్య తేలలేదు. ‘కొలవడం’ అనే ధాతువుతో కొందరు ముడిపెడతారు, ‘మనసు, ఇచ్ఛ’ అనే అర్థమున్న ధాతువుతో మరికొందరు.

ఆ ‘ఇచ్ఛ’ వైపు వాదనకు బలమిచ్చే వాడుకలు లాటిన్‌లో బాగానే కనిపిస్తాయి. ‘మోరెమ్ గెరెరె’ అనే జాతీయం ఉంది, ఒకరి మనసెరిగి మసలుకోవడం అని దాని అర్థం. ప్లౌటుస్ నాటకాల్లో మంచి భార్యను ‘మోరిగెర’ అంటారు. అదే మోస్ మితిమీరితే? ‘నిండా ఉన్న’ అనే అర్థమిచ్చే ప్రత్యయం చేర్చి ‘మోరోసుస్’ అన్నారు. తన తీరు తనదే అన్నట్టు, ఏదీ ఒక పట్టాన నచ్చని చిరాకు మనిషి. ఇంగ్లీషు ‘మోరోస్’ అదే. వృద్ధాప్యం మీద రాసిన పుస్తకంలో సిసెరో ఈ రెండు మాటల్నీ పక్కపక్కనే పెట్టాడు: ముసలివాళ్లు మోరోసీ (మోరోసుస్‌కు బహువచనం), ఆదుర్దాపడతారు, కోప్పడతారు అంటారు గానీ, అవి ‘మోరుమ్’ దోషాలు, అంటే స్వభావాల దోషాలు, ముసలితనానివి కావు అంటాడు. నాకు లాటిన్ వచనంలో చాలా ఇష్టమైన చోట్లలో ఇదొకటి. చిరాకుకూ నడతకూ ఒకే వేరు ఉందని అతను ఎక్కడా వివరించడు, వాక్యమే చూపిస్తుంది.

మనుషులకే కాదు, ఆకాశానికీ మోస్ ఉంది. వర్జిల్ తన వ్యవసాయ కావ్యంలో, తెలియని నేలలో నాగలి పెట్టేముందు గాలుల్నీ ఆకాశపు రకరకాల మోస్‌నూ ముందే తెలుసుకొమ్మని రైతుకు చెబుతాడు. నాలుగో భాగంలో తేనెటీగల మోరేస్ పాడతానంటాడు. ఆకాశానికి నీతి ఉండదు, తేనెటీగకు పాపపుణ్యాలు ఉండవు. కాబట్టి ఈ వాడుకల్లో మోస్ అంటే ‘దాని తీరు’ అని మాత్రమే. మంచి చెడ్డల తీర్పు అందులో లేదు. తీర్పు చెప్పాలంటే లాటిన్ వాళ్లు విశేషణం తగిలించేవారు: బోనీ మోరేస్ అంటే మంచి నడవడి, మలీ మోరేస్ అంటే చెడు నడవడి. టెరెన్స్ నాటకం ‘ఫోర్మియో’లో ఒక పాత్ర, ఎంతమంది మనుషులో అన్ని అభిప్రాయాలు, ఎవరి మోస్ వారిది అంటుంది. మన ‘ఎవరి పద్ధతి వారిది’ కూడా ఈ ధోరణిలోనిదే.

ఇంత మామూలు మాట నీతి దాకా ఎలా వెళ్లింది? దానికి రోమ్ రాజకీయం తెలియాలి. మీ ప్రశ్నకు అసలు జవాబు అక్కడుంది.

రోమన్ల దగ్గర ‘మోస్ మయోరుమ్’ అనే మాట ఉండేది. పెద్దల నాటి ఆనవాయితీ అని. ఇది రాతలో లేదు. సెనేట్ ఎలా నడవాలి, తండ్రికి కొడుకుల మీద ఎంత అధికారం, గెలిచి వచ్చిన సేనాని ఊళ్లోకి ఎలా రావాలి, అంత్యక్రియల్లో పూర్వీకుల ముఖాల తొడుగులు ఎవరు పెట్టుకోవాలి, ఇలాంటివన్నీ చట్టం కన్నా ఎక్కువగా దీని మీదే నడిచేవి. పాత ఆనవాయితీల మీద, మనుషుల మీద రోమ్ నిలబడి ఉందని ఎన్నియుస్ ఒక పద్యపాదంలో రాశాడు. సిసెరో దాన్ని ఉదహరించి, ఇప్పుడు ఆ ఆనవాయితీలూ లేవు, ఆ మనుషులూ లేరని బాధపడ్డాడు.

దీనికి కాపలాకు ఒక పదవే పెట్టారు. రోమన్ చరిత్రకారుడు లివీ లెక్క ప్రకారం క్రీ.పూ. 443 నుంచి సెన్సర్లు అనే అధికారులు ఇద్దరు ఉండేవారు. జనాభా లెక్కలు, ఆస్తుల లెక్కలు వాళ్ల పని. దాంతోపాటు ‘మోరేస్’ మీద నిఘా కూడా. పౌరుల జాబితాలో ఒక పేరు పక్కన మచ్చ గుర్తు పెట్టారంటే ఆ మనిషి పరువు పోయినట్టే. క్రీ.పూ. 275లో కొర్నేలియుస్ రుఫినుస్ అనే ఆయన్ను సెనేట్ నుంచి తీసేశారు. ఆయన రెండుసార్లు కాన్సుల్‌గా (ఏటా ఎన్నికయ్యే అత్యున్నత అధికారి), ఒకసారి డిక్టేటర్‌గా (ఆపదవేళ కొద్దికాలానికి సర్వాధికారాలు ఇచ్చే పదవి) చేసినవాడు. తప్పేమిటంటే ఇంట్లో పది రోమన్ పౌండ్ల వెండి సామాను ఉండడం. మన లెక్కలో మూడు కిలోల పైచిలుకు. క్రీ.పూ. 184లో సెన్సర్ అయిన కేటో, మనీలియుస్ అనే సెనేటర్‌ను పట్టపగలు కూతురు చూస్తుండగా భార్యను ముద్దుపెట్టుకున్నాడని తొలగించాడని ప్లూటార్క్ రాశాడు. ఆ శిక్షలు కోర్టు వేసినవి కావు, సాక్షుల విచారణతో పని లేదు. ‘మనవాళ్లు ఇలా చేయరు’ అన్న ఒక్క కారణం చాలింది.

అన్నింటికన్నా స్పష్టమైన సాక్ష్యం క్రీ.పూ. 92 నాటి సెన్సర్ల ప్రకటన. అప్పట్లో వక్తృత్వం గ్రీకులోనే నేర్పేవారు. కొందరు కొత్తగా లాటిన్‌లో బడులు తెరిచారు. సెన్సర్లు అభ్యంతరం చెబుతూ రాసిన వాక్యాన్ని రోమన్ రచయిత సుయెటోనియుస్ భద్రపరిచాడు: పెద్దల వాడుకకూ ఆనవాయితీకీ భిన్నంగా జరుగుతున్న ఈ కొత్త పనులు మాకు నచ్చడం లేదు, సరైనవిగానూ కనిపించడం లేదు. ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగమని నేను పిల్లలకు చెప్పేవాణ్ణి. ‘ఆనవాయితీ కాదు’ అన్నారు, ఆ వెంటనే ‘సరైనది కాదు’ అన్నారు. మధ్యలో కారణం ఏదీ లేదు, ‘ఎందుకంటే’ లేదు. ఆ రెండూ వేరువేరు సంగతులని వాళ్లకు అనిపించనే లేదు. మోస్ అనే మాటలో నీతి ప్రవేశించిన ద్వారం అదే. చేస్తూ వస్తున్నది కాబట్టి చేయవలసింది అయింది.

ఇప్పుడు సిసెరో దగ్గరికి. క్రీ.పూ. 44లో, సీజర్ హత్య జరిగిన తర్వాత, నేపుల్స్ దగ్గర పుటియోలీ ఇంట్లో జరిగిన సంభాషణగా ఆయన ‘విధి’ (తలరాత అనే అర్థంలో) మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. మనకు దక్కిన ప్రతిలో మొదలు పోయింది. వాక్యం మధ్యలో మొదలవుతుంది, అదృష్టవశాత్తూ మనకు కావలసిన చోటే: ఇది మోరేస్‌కు సంబంధించింది, దాన్నే గ్రీకులు ఏథోస్ అంటారు, తత్త్వశాస్త్రంలో ఆ భాగాన్ని మనం ‘మోరేస్ గురించినది’ అంటున్నాం, లాటిన్ భాషను పెంచేవాడు దానికి ‘మోరాలిస్’ అని పేరు పెట్టడం తగును. ‘క్వాలిటీ’ అనే మాటకు మూలమైన ‘క్వాలితాస్’ కూడా గ్రీకుకు సరిపోయేట్టు ఆయన తయారుచేసిందే. తన భాషలో తత్త్వశాస్త్రం చెప్పవచ్చునని నిరూపించడానికి ఆ చివరి ఏళ్లలో ఆయన పడ్డ శ్రమ తలుచుకుంటే నాకు చాలా గౌరవం. మరుసటి ఏడాది డిసెంబరులో ఆయన్ను చంపేశారు.

గ్రీకు వైపు కూడా ఒక మెలిక ఉంది. మళ్లీ మన దీర్ఘాలు సాయం చేస్తాయి. ‘ఎథోస్’ అని హ్రస్వంతో అంటే అలవాటు. ‘ఏథోస్’ అని దీర్ఘంతో అంటే స్వభావం. ఈ రెండోదానికి మరీ పాత అర్థం, జంతువులు అలవాటుగా తిరిగే చోటు. ఇలియడ్‌లో కట్లు తెంచుకున్న గుర్రం తన ఏథోస్‌కు, మేతమేసే చోటుకు పరుగెత్తుతుంది. అరిస్టాటిల్ తన నీతిశాస్త్రం రెండో భాగం మొదట్లోనే, స్వభావానికి సంబంధించిన సద్గుణం అలవాటు వల్ల వస్తుందనీ, ‘ఏథికే’ అనే పేరు కూడా ‘ఎథోస్’ కొద్దిగా మారి వచ్చిందేననీ అంటాడు. రోజూ న్యాయంగా ప్రవర్తిస్తూ ఉంటేనే న్యాయవంతుడవుతాడు అన్నది ఆయన వాదం.

గ్రీకులో రెండు మాటలుంటే లాటిన్‌లో రెండింటికీ మోస్ ఒక్కటే వచ్చింది. పదమూడో శతాబ్దంలో క్రైస్తవ తత్త్వవేత్త థామస్ అక్వినాస్ ఈ ఇబ్బందిని సూటిగా పట్టుకున్నాడు. మోస్ అంటే ఒకచోట ఆచారం, ఇంకొకచోట సహజమైన మొగ్గు. గ్రీకువాళ్లు అచ్చు పొడవును బట్టి వేరుచేశారు, మనకు ఆ వీలు లేదు అంటాడు. నైతిక సద్గుణానికి ఆ పేరు రెండో అర్థం నుంచి వచ్చిందని తేలుస్తాడు. మీ సోషియాలజీ పుస్తకానికీ ఎథిక్స్ నోట్సుకూ మధ్య మీరు చూసిన ఎడం ఇదే. మొదటి అర్థం పట్టుకున్నవాళ్లు సమాజశాస్త్రం వైపు, రెండోది పట్టుకున్నవాళ్లు మనస్సాక్షి వైపు వెళ్లారు.

తర్వాతి కథ త్వరగా చెప్తాను. 1797లో జర్మన్ తత్త్వవేత్త కాంట్ తన పుస్తకానికి పేరు పెడుతూ జర్మన్ మాట ‘జిట్టెన్’ వాడాడు. అది లాటిన్ మోరేస్ లాగే మర్యాదలు, బతికే తీరు అన్న అర్థమే ఇస్తుందని ఒప్పుకున్నాడు. కానీ నీతి ఆజ్ఞలు అనుభవం నుంచీ ఆచారం నుంచీ రావు, బుద్ధి నుంచి వస్తాయని పట్టుబట్టాడు. మాటను ఉంచుకుని దాని పాత అర్థాన్ని బయటికి పంపేశాడన్నమాట. 1906లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రవేత్త విలియం గ్రాహం సమ్నర్ అందుకు పూర్తిగా ఎదురుదారి పట్టాడు. జనం తెలియకుండానే ఏర్పరుచుకునే పద్ధతులు ‘ఫోక్‌వేస్’. వాటికి ‘ఇదే సరైనది, సంఘానికి మేలు’ అన్న నమ్మకం తోడైతే ‘మోరీస్’. ఇంగ్లీషులో సరిపోయే మాట దొరకక లాటిన్ బహువచనాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకున్నాడు. మీ సిలబస్‌లో ఉన్నది ఈయన అర్థమే. ఆయన పుస్తకంలో ఒక అధ్యాయం పేరే, మోరీస్ దేన్నైనా సరైనదిగా చేయగలవు అని. అది మెచ్చుకోలు కాదు. జరుగుతున్నది అలా ఉందని చూపించడం.

దాన్ని మన దేశానికి అన్వయించి చూడమని పిల్లలకు చెప్పేవాణ్ణి. రెండు గ్లాసుల పద్ధతి ఉన్న టీ కొట్టు తీసుకోండి. దళితులకు విడిగా పెట్టిన గ్లాసు, తాగాక వాళ్లే కడిగి పక్కన బోర్లించాలి. ఎవరూ గోడ మీద నియమం రాయలేదు. ‘మొదట్నుంచీ ఇంతే’ అంటారు. సమ్నర్ అర్థంలో అది మోరీస్. కాంట్ అర్థంలో అది మోరల్‌కు పూర్తిగా వ్యతిరేకం. రాజ్యాంగం 17వ అధికరణం ప్రకారం నేరం. ఒకే లాటిన్ మాట పిల్లలు రెండు ఇలా ఎదురెదురుగా నిలబడతాయి. ఆ ప్రశ్న తప్పించుకుని పోయే ఎథిక్స్ క్లాసు నా దృష్టిలో క్లాసే కాదు.

చట్టంలోనూ ఇదే తగువు. మంచి నడవడికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదన్నది రోమన్ న్యాయసూత్రం, ‘కొంత్రా బొనోస్ మోరేస్’ అంటారు. అలాంటి ఆలోచనే మన 1872 కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్‌లోనూ ఉంది: కోర్టు అనైతికం అనుకున్నది ఒప్పందానికి ఆధారం కాలేదు. అయితే ఎవరి నీతి? 1948 నవంబరు 4న రాజ్యాంగ ముసాయిదా ప్రవేశపెడుతూ అంబేద్కర్, చరిత్రకారుడు గ్రోట్‌ను ఉదహరించి ‘రాజ్యాంగ నైతికత’ గురించి మాట్లాడారు. అది సహజంగా పుట్టే భావం కాదు, పెంపొందించుకోవాలి, మన ప్రజలు ఇంకా నేర్చుకోవలసే ఉంది అన్నారు. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ మీద 2009లో నాజ్ ఫౌండేషన్ కేసులో ఢిల్లీ హైకోర్టు, 2018లో నవ్‌తేజ్ జోహార్ కేసులో సుప్రీంకోర్టు, జనసామాన్యపు నైతికతకూ రాజ్యాంగ నైతికతకూ మధ్య గీత గీసి రెండోదాని పక్షం వహించాయి. పాత రోమ్ సెన్సర్లకు ఆ గీత అర్థమయ్యేదే కాదు.

ఇక ఎథిక్స్, మోరల్స్ తేడా. ‘మోరల్స్ వ్యక్తిగతం, ఎథిక్స్ వృత్తిపరం’ అని కొన్ని నోట్సుల్లో, సరిగ్గా తిరగేసి మరికొన్నిట్లో ఉంటుంది. రెండూ ఇప్పటివాళ్ల ఏర్పాట్లే. వాటిని ఏర్పాట్లుగానే రాయండి, ‘లాటిన్ మూలాన్ని బట్టి’ అని మాత్రం రాయకండి. మూలాన్ని బట్టి ఒకటి రెండోదానికి అనువాదం. నాకైతే, పాటిస్తున్నది మోరల్స్, దాన్ని విచారించే శాస్త్రం ఎథిక్స్ అనే విభజన పనికొచ్చేదిగా అనిపిస్తుంది.

పది మార్కుల జవాబైతే సిసెరో ఒక వాక్యం, క్రీ.పూ. 92 ప్రకటన ఒక వాక్యం, సమ్నర్ రెండు వాక్యాలు చాలు, మిగతా చోటు మన ఉదాహరణకు ఉంచుకోండి. ఇంకో చిన్న సంగతి: ‘మోరీస్’ బహువచనం, ఇంగ్లీషులో రాస్తే క్రియ కూడా బహువచనంలోనే ఉండాలి. ఇంటర్వ్యూలో ఇంగ్లీషులో అంటే ‘మోరేజ్’ అని పలకండి, చివర ‘జ్’ వినబడాలి. లాటిన్‌గా చదివితే ‘మోరేస్’.